సగంలో వెనక్కి తిరిగినా నష్టం లేని కొండ: అమ్మానాన్నలతో, పిల్లలతో ఇంగ్లండ్ మూర్‌ల మీద నడవాలంటే ఏది ఎంచుకోవాలి

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. లండన్ తిప్పడం అవుతుంది, గుడికి వెళ్ళడం అవుతుంది, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో భోజనాలూ అవుతాయి. ఆ తర్వాత ఇల్లు ఇరుకనిపిస్తుంది. పిల్లలకి సెలవులు. "ఎటైనా కొండల వైపు పోదాం, నాలుగు రోజులు నడుద్దాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. కొండలేమో బోలెడు. ప్రతి కొండకీ ఒక అందమైన ఫొటో ఉంటుంది, ఏ ఫొటోలోనూ డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి కనిపించదు.

మూడేళ్ళ క్రితం మేం అలాంటి ఫొటో ఒకటి చూసే కిండర్ స్కౌట్‌కి వెళ్ళాం. 636 మీటర్లు, పీక్ డిస్ట్రిక్ట్ మొత్తానికి అదే ఎత్తైనది. ఈడేల్ వైపు నుంచి ఎక్కితే జేకబ్స్ ల్యాడర్ అని నిటారుగా రాతిమెట్ల దారి వస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషి మా అమ్మ, ఆవిడకి ఇదొక లెక్కా అనుకున్నాం. అమ్మ అలిపిరి ఎక్కింది యాభయ్యో ఏట. ఇక్కడికి వచ్చేసరికి అరవై ఏడు. పైగా అలిపిరి దారిలో తలమీద కప్పు ఉంటుంది, కూర్చోడానికి అరుగులుంటాయి, తాగడానికి నీళ్ళుంటాయి, పక్కనే గోవింద నామం చెప్పుకుంటూ జనం నడుస్తుంటారు. ఇక్కడ గాలి తప్ప ఏమీ లేదు. సగం మెట్ల దగ్గర అమ్మ ఒక రాయి మీద కూర్చుని, చున్నీ చెవులకి బిగించి కట్టుకుని, "మీరు వెళ్ళి రండమ్మా, నేనిక్కడే ఉంటా" అంది. నాన్న ఆవిడ దగ్గరే ఆగిపోయారు. మేం నలుగురం పైకి వెళ్ళాం. పైన ఉన్న పావుగంటా నా మనసంతా కింద ఆ రాయి మీదే ఉంది.

ఒకరోజు మోకాళ్ళకి విశ్రాంతి ఇచ్చి, మూడో రోజు ఎదురుగా ఉన్న మామ్ టోర్‌కి వెళ్ళాం. అదే అమ్మ, అవే మోకాళ్ళు. నాన్న చెయ్యి పట్టుకుని శిఖరం దాకా నడిచింది. అప్పుడు అర్థమైంది, లోపం అమ్మ కాళ్ళలో లేదు, మేం కొండని ఎంచుకున్న పద్ధతిలో ఉందని. అప్పట్నుంచి మా ఇంట్లో ఎత్తు చివర చూస్తాం. ముందు చూసేది కారు ఆగే చోటు నుంచి శిఖరానికి ఎంత నడక, ఎంత ఎక్కుడు అని. ఆ తర్వాత, అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి సగంలో ఆగిపోయినా ఆ సగంలో చూడ్డానికి ఏమైనా ఉందా అని. పిల్లలకి చేత్తో ముట్టుకోడానికి, ఎక్కడానికి ఏదైనా ఉందా అని కూడా. బాత్రూం ఎక్కడుందన్నది నాలుగో ప్రశ్న. పెద్దవాళ్ళు దాన్ని పైకి అడగరు, నీళ్ళు తాగడం మానేస్తారు, మనమే ముందుగా కనుక్కోవాలి.

ఈ లెక్క ప్రకారం మేం ఎక్కిన నాలుగు కొండల్ని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. మేం ఉండేది రెడింగ్‌లో. నాలుగూ కారులో ఇంచుమించు మూడేసి గంటల దూరం, అందుకే దూరాన్ని బట్టి ఒకటి కొట్టేసే వీలు లేకపోయింది.

ముందు, మూర్ అంటే ఏమిటి

మన బోడికొండలు గుర్తు తెచ్చుకోండి, దానికి తడి కలపండి. చెట్లుండవు. ఎత్తైన బయలు, నల్లటి మెత్తటి నేల, దానిమీద మోకాలి ఎత్తు హీదర్ పొదలు, మధ్యలో పసుపు పూల ముళ్ళకంప, దాని పేరు గోర్స్. ఏడాదిలో ఎక్కువ భాగం గోధుమ రంగులో డల్‌గా కనిపిస్తుంది. ఆగస్టు వచ్చేసరికి హీదర్ పూసి కొండ కొండంతా ఊదా రంగుకి మారుతుంది. ఆ రంగు చూడాలంటే ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా వెళ్ళాలి. మే నెలలో వెళ్ళి "ఫొటోలో ఉన్నట్టు లేదేంటి" అని దిగులుపడినవాళ్ళు నాకు తెలుసు.

చెట్లు లేకపోవడం వల్ల ఒక మంచి ఉంది, ఒక కష్టం ఉంది. ఎక్కడ నిలబడినా చుట్టూ దూరాలు కనిపిస్తాయి, శిఖరం దాకా వెళ్తేనే దృశ్యం అన్న నియమం లేదు. కష్టమేమిటంటే గాలికి, వానకి ఏ అడ్డూ ఉండదు.

డంకరీ బీకన్, ఎక్స్‌మూర్

నాలుగింట్లో నా మనసు దీని మీదే ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

519 మీటర్లు. ఎక్స్‌మూర్‌కీ, సోమర్‌సెట్ కౌంటీకీ ఇదే అత్యున్నత శిఖరం. అంత ఎత్తున్నా మన కాళ్ళ మీద బరువు పడదు, ఎందుకంటే రోడ్డే కొండ భుజం దాకా ఎక్కించేస్తుంది. డంకరీ గేట్ దగ్గర కారు ఆపితే అక్కడినుంచి శిఖరానికి కిలోమీటరు పైచిలుకు, ఎక్కాల్సింది నూరు మీటర్ల పైన కొంచెం. దారి వెడల్పుగా, తిన్నగా ఉంటుంది, తప్పిపోయే ప్రశ్నే లేదు. అమ్మకి నలభై అయిదు నిమిషాలు పట్టింది, మధ్యలో నాలుగుసార్లు ఆగాం. ఒక్కటే జాగ్రత్త, బాటంతా గులకరాళ్ళు. స్ట్రోలర్ తోసుకుపోవడం కుదరదు, చంటిపిల్లల్ని వీపున కట్టుకోవాల్సిందే. దిగేటప్పుడు ఆ రాళ్ళ మీద కాలు జారుతుంది. పెద్దవాళ్ళకి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే చేతికర్ర అవసరం.

సగంలో ఆగితే ఏం పోతుంది? ఏమీ పోదు. కారు దిగిన చోటే రెండు వైపులా హీదర్. ఎక్స్‌మూర్‌లో హీదర్‌తో పాటే ఒక రకం పొట్టి గోర్స్ కూడా ఆగస్టులో పూస్తుంది, అందుకే ఊదా మధ్యలో పసుపు. అమ్మ మొదటిసారి ఆగినప్పుడు ఒక హీదర్ కొమ్మ పట్టుకుని దగ్గరగా చూసింది. దూరానికి ఒకే రంగు దుప్పటిలా కనిపించేది చేతిలోకొస్తే జొన్నగింజ కన్నా చిన్న గంటలు, ఒక్కో కొమ్మకి పదుల కొద్దీ, ప్రతి దాంట్లోంచీ సన్నటి పోగు బయటికి తొంగిచూస్తూ ఉంటుంది. తేనెటీగల మోత ఎంతంటే, పక్క మనిషి మాట ఆపితే అదే వినిపిస్తుంది. "ఇక్కడే కూర్చున్నా నాకు చాలు" అంది అమ్మ. ఆ మాట కిండర్ మీద అన్న మాటలా లేదు.

శిఖరం మీద మనిషి కన్నా ఎత్తుగా పేర్చిన రాళ్ళ గుట్ట ఉంటుంది. ఈ కొండని 1935లో నేషనల్ ట్రస్ట్‌కి, అంటే ప్రకృతి స్థలాల్ని, పాత కట్టడాల్ని కాపాడే సంస్థకి, అప్పగించిన సంగతి దాని మీది పలకలో రాసి ఉంటుంది. ఉత్తరానికి చూస్తే బ్రిస్టల్ చానెల్, దానికవతల వేల్స్ తీరం. కొండ మీది నుంచి సముద్రం కనిపించడం నాన్నకి కైలాసగిరిని గుర్తు చేసింది. బీకన్ అంటే కబురు చేరవేయడానికి శిఖరాల మీద పెట్టే మంట. పిల్లలకి ఆ కథ చెప్తే "ఇక్కడ మంట పెడితే వేల్స్‌లో కనిపిస్తుందా" అని అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెట్టారు. శిఖరానికి తూర్పున కంచుయుగం నాటి సమాధి గుట్టలు కూడా ఉన్నాయి, జోనీ హౌ, రాబిన్ హౌ అని పేర్లు. ఓపిక ఉన్నవాళ్ళు అటు నడిచి రావచ్చు. వాటిమీది రాళ్ళు తియ్యకూడదు, కొత్తవి పేర్చకూడదు.

ఇక్కడి గుర్రాల గురించి పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఎక్స్‌మూర్ పోనీలు గోధుమ రంగులో పొట్టిగా ఉంటాయి, మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ మాత్రం పిండి అద్దినట్టు తెల్లగా ఉంటుంది. ఆ గుర్తుతో పిల్లలే వెతికి పట్టుకుంటారు.

ఇబ్బందులూ చెప్పాలి. పైన బాత్రూం లేదు, టీ కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దారిలోని ఊళ్ళోనే అన్ని పనులూ చూసుకుని రావాలి. రోడ్లు సన్నం. పోర్లాక్ వైపు నుంచి వస్తే ఏ39 రోడ్డు మీద పోర్లాక్ హిల్ అని నాలుగుకి ఒకటి వాలున్న ఎక్కుడు తగులుతుంది, నిండుగా మనుషులున్న కారుని అటు తిప్పకండి. వెడన్ క్రాస్ మీదుగా రావడం నయం. కారు లేనివాళ్ళకి ఈ కొండ కష్టమే.

నడవలేని మనిషి ఉంటే కొండకి ఉత్తరాన వెబ్బర్స్ పోస్ట్ దగ్గర ఆగండి. అక్కడ తేలికపాటి బాట ఉంది, ఎదురుగా డంకరీ మొత్తం కనిపిస్తుంది. కొండ ఎక్కడం వేరు, చూడడం వేరు. కొందరికి చూడడమే బావుంటుంది.

హేటోర్, డార్ట్‌మూర్

మోకాళ్ళ బాధ ఎక్కువగా ఉంటే డంకరీ వదిలేసి నేరుగా దీన్ని ఎంచుకోండి. 457 మీటర్ల ఎత్తు, రోడ్డు దాని పాదాల దాకా వస్తుంది. పై కార్ పార్క్ నుంచి రాళ్ళ అడుగుకి అర కిలోమీటరు, అదీ గడ్డి మీద. నెమ్మదిగా నడిచేవాళ్ళకి ఇరవై నిమిషాలు. కింది కార్ పార్క్‌లో నేషనల్ పార్క్ వారి విజిటర్ సెంటర్, బాత్రూములు ఉన్నాయి. నా నాలుగో ప్రశ్నకి ఇంత చక్కటి జవాబు మిగతా శిఖరాల దగ్గర దొరకలేదు.

కొండ మీద రెండు పెద్ద బండరాళ్ళ గుంపులు నిలబడి ఉంటాయి. టోర్ అంటే అవే. హైదరాబాద్‌లో పెరిగిన మా ఆయనకి అవి చూడగానే చిన్నప్పుడు ఆడుకున్న గుట్టలు గుర్తొచ్చాయి. అక్కడా గ్రానైటే, ఇక్కడా గ్రానైటే. కాకపోతే హైదరాబాద్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు, డార్ట్‌మూర్‌ది 28 కోట్ల ఏళ్ళు. పిల్లలు బండకి చెంప ఆనించి చూశారు. తెల్లటి పెద్ద పలుకులు రాతిలో పొదిగినట్టు గరుకుగా తగిలాయి. ఒక బండ మీదికి పూర్వం చెక్కిన మెట్లున్నాయి. పిల్లలు ఎక్కేస్తామంటారు, ఎక్కించొచ్చు, కానీ పక్కన పెద్దవాళ్ళు ఉండి తీరాలి. పైన కంచె లేదు, ఒకవైపు నేరుగా కిందికి పడిపోతుంది. వానకి తడిసి ఉంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.

హేటోర్‌కి వెళ్ళినవాళ్ళలో చాలామంది బండ ఎక్కి, ఫొటో దిగి, అరగంటలో వెనక్కి వచ్చేస్తారు. అసలు చూడాల్సింది ఆ వెనక ఉంది. ఉత్తరం వైపు కొద్ది దూరం నడిస్తే గడ్డిలో రాతి పట్టాలు కనిపిస్తాయి. ఇనుము కాదు, గ్రానైటే. ఇక్కడ తవ్విన రాయిని కిందికి చేర్చడానికి 1820లో వేసిన మార్గం. ప్రపంచంలో తొలి పబ్లిక్ ఆవిరి రైలు స్టాక్టన్, డార్లింగ్టన్‌ల మధ్య నడిచింది 1825లో, ఇది అంతకన్నా అయిదేళ్ళు ముందుది. రాళ్ళతో నిండిన బండ్లు వాలు మీద వాటంతటవే దిగేవి, ఖాళీ బండ్లని గుర్రాలు పైకి లాగేవి. ఇక్కడి రాయి 1831లో తెరిచిన లండన్ బ్రిడ్జికి వెళ్ళింది. ఆ వంతెనని తర్వాత అమెరికాకి అమ్మేశారు, ఇప్పుడది ఆరిజోనా రాష్ట్రంలో ఉంది.

మా నాన్న రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. బండ ఎక్కడానికి రానన్న మనిషి ఆ పట్టాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. రాతి అంచున చెక్కిన గాడిలో వేలు పెట్టి, జానలతో వెడల్పు కొలిచి, "మన బ్రాడ్ గేజ్ అయిదడుగుల ఆరంగుళాలు, ఇది నాలుగడుగుల పైన కొంచెం అంతే" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నాలుగడుగుల మూడంగుళాలు. ఒక చోట ఆ రాతి పట్టాలు రెండుగా చీలతాయి. అక్కడ మనవడికి పాయింట్లు ఎలా మారుస్తారో అరగంట చెప్పారు.

దగ్గర్లోనే పాత క్వారీ ఉంది, నీళ్ళు నిండి చిన్న కొలనయింది. చుట్టూ రాతిగోడలుండడంతో గాలి తగలదు. మూర్ మీద ప్రశాంతంగా కూర్చుని అన్నం తినగలిగే చోటు దొరకడం అరుదు, పులిహోర డబ్బాలు అక్కడ తెరవండి. నీళ్ళ అంచున పిల్లల్ని కనిపెట్టి ఉండాలి.

ఇక్కడి పోనీలు మనుషులకి అలవాటు పడిపోయి కార్ల దగ్గరికే వస్తాయి. తినడానికి ఏమీ పెట్టకండి. పెట్టడం నిబంధనలకి విరుద్ధం, పైగా తిండికోసం రోడ్డు మీదికి రావడం మరిగి కార్ల కింద పడతాయి. మన ఇళ్ళల్లో ఆవుకి అరటిపండు పెట్టడం పుణ్యం, అమ్మకి ఈ విషయం అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం సమయం పట్టింది.

హేటోర్‌కి ఉన్న లోటు ఒకటే, ఎప్పుడూ జనం. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళకి ఆగస్టు మధ్యాహ్నం ఇక్కడ దొరకదు.

లాంగ్ మిండ్, ష్రాప్‌షైర్

ఇది ఒక్క శిఖరం కాదు, పొడవుగా పడుకున్న పెద్ద గట్టు. మిండ్ అన్నది కొండ అనే అర్థమున్న వెల్ష్ మాట నుంచి వచ్చింది. దీని పైభాగం పోల్ బ్యాంక్, 516 మీటర్లు.

అయిదారేళ్ళ పిల్లలుంటే ఇది మొదటి స్థానంలోకి వస్తుంది. కారణం కార్డింగ్ మిల్ వ్యాలీ. ఒకప్పుడు ఉన్ని ఏకే మిల్లు ఉండేది, పేరు అందుకే. లోయ అడుగున చదునైన దారి, పక్కనే పిల్లల మోకాళ్ళ లోతు కూడా లేని వాగు, టీ దుకాణం, బాత్రూములు. అమ్మమ్మా తాతయ్యా నీళ్ళ పక్కన చాప వేసుకుని కూర్చుంటే, నడిచే ఓపిక ఉన్నవాళ్ళు లోయలోంచి పోల్ బ్యాంక్ దాకా వెళ్ళి రావచ్చు. అలా వెళ్తే దాదాపు 300 మీటర్ల ఎక్కుడు, సగం రోజు పని. అందరూ శిఖరం చూడాలంటే ఇంకో మార్గం ఉంది. బర్‌వే అనే రోడ్డు మీద కారులోనే పైకి వెళ్ళి షూటింగ్ బాక్స్ అనే కార్ పార్క్‌లో ఆపితే, అక్కడినుంచి పోల్ బ్యాంక్ ఓ కిలోమీటరు, దాదాపు సమతలం, రెండు పక్కలా హీదర్.

బర్‌వే గురించి ఒక మాట. సన్నటి రోడ్డు, ఒకవైపు లోయ, కంచె లేదు, ఎదురుగా కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి. ఘాట్ రోడ్డు అలవాటున్నవాళ్ళు నడపండి, లేకపోతే కింద లోయలోనే ఉండిపోండి. లోయ ఒక్కటి చూసినా రోజు నిండుతుంది.

జులై, ఆగస్టుల్లో ఇక్కడ పొదల్లో బిల్‌బెర్రీలు కాస్తాయి, ఊళ్ళోవాళ్ళు విన్‌బెర్రీలంటారు. పిల్లలు కోసుకు తిన్నాక నేరేడు పళ్ళు తిన్నట్టు నాలుకలు నీలం. పైన గ్లైడర్లు ఎగరేసే మైదానం కూడా ఉంది, ఇంజన్ చప్పుడు లేకుండా తలమీదుగా పోతుంటే మావాడు నడక ఆపేసి పడుకుని చూశాడు.

కారు లేని కుటుంబానికి నాలుగింట్లో తేలికైనది ఇదే. చర్చ్ స్ట్రెటన్‌లో రైలు దిగితే ఊళ్ళోంచి నడుచుకుంటూ కార్డింగ్ మిల్ లోయలోకి వెళ్ళిపోవచ్చు.

మామ్ టోర్, పీక్ డిస్ట్రిక్ట్

517 మీటర్లు. మామ్ నిక్ దగ్గరి నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్ నుంచి కిలోమీటరు లోపే, ఎక్కాల్సింది దాదాపు 100 మీటర్లు, దారంతా రాతి పలకలు పరిచి ఉంటుంది. బురద భయం లేదు. మెట్లు మాత్రం ఒక్కోటి ఒక్కో ఎత్తు. పేరుకి తల్లి కొండ అని అర్థం చెబుతారు. దాని నుంచి మట్టిపెళ్ళలు జారి కింద పిల్ల గుట్టలయ్యాయట. శిఖరం చుట్టూ ఇనుపయుగం నాటి కోట గట్లు ఇప్పటికీ తెలుస్తాయి.

ఒక్క విషయం నిక్కచ్చిగా చెప్తాను, హీదర్ కోసం ఇక్కడికి వెళ్ళొద్దు. ఈ గట్టు మీద ఎక్కువగా గడ్డే. అసలు మూర్ ఎదురుగా కిండర్ మీద ఉంది, ఇక్కడినుంచి దాన్ని చూడొచ్చు. మూర్ నడక కోసమే సెలవు పెడుతుంటే మామ్ టోర్ నాలుగో స్థానం. అదే నాలుగు రోజుల్లో రెండు రోజులు వాన పడుతుందని భయముంటే ఇది ముందుకొస్తుంది, ఎందుకంటే పక్కనే కాసిల్టన్‌లో చూడదగ్గ గుహలు నాలుగున్నాయి. గుహల్లో మెట్లు దిగి ఎక్కాలన్నది మోకాళ్ళవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఎక్కలేనివాళ్ళకి కొండ అడుగున విరిగిన రోడ్డు ఉంది. కొండ జారుతూ ఉండడంతో రోడ్డు మళ్ళీ మళ్ళీ విరిగి, బాగుచేసీ బాగుచేసీ చివరికి 1979లో మూసేశారు. ఇప్పుడది నడిచేవాళ్ళదే. పగిలి కుంగిన చోట ఎన్నిసార్లు తారు పోశారో అన్ని పొరలూ దొంతరగా కనిపిస్తాయి. మా పెద్దది వేలితో ఒక్కో పొరా లెక్కపెట్టింది. రైల్లో వచ్చేవాళ్ళు మాంచెస్టర్, షెఫీల్డ్ లైన్లో ఈడేల్‌లో దిగొచ్చు గానీ అక్కడినుంచి ఎక్కుడు 250 మీటర్లు దాటుతుంది, పెద్దవాళ్ళతో వద్దు. శని, ఆదివారాల్లో కార్ పార్క్ పొద్దున్నే నిండిపోతుంది, రోడ్డు పక్కన అడ్డదిడ్డంగా ఆపితే ఫైన్.

ఏ కొండయినా సరే

ఆగస్టు కదా అని బట్టల విషయంలో మోసపోవద్దు. ఎత్తు వల్లే కింద కన్నా మూడు డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడైతే కార్ పార్క్‌లో చెమట పట్టిన మనిషి పైన వణుకుతుంది. స్వెట్టర్ ఒక్కటే చాలదు, గాలి అందులోంచి దూరిపోతుంది. దాని పైన గాలీ వానా ఆపే జాకెట్ ఉండాలి. చెవులు కప్పే టోపీ పెద్దవాళ్ళకి తప్పదు. అమ్మ చీరలో నడుస్తానంది, ఒద్దని పంజాబీ డ్రెస్ వేయించాం. కుచ్చిళ్ళు హీదర్ కొమ్మలకి తగులుకుంటాయి, తడిసిన అంచు కాళ్ళకి చుట్టుకుంటుంది. చెప్పులతో ఎవరూ వద్దు. గ్రిప్ ఉన్న బూట్లు ప్రయాణానికి వారం ముందే కొని ఇంటి చుట్టూ నడిపించండి, కొత్త బూట్లు నేరుగా కొండ మీద వేస్తే మడమలు పుళ్ళవుతాయి.

గడ్డిలో, ఫెర్న్ పొదల్లో పిడుదులుంటాయి. పట్టుకుంటే లైమ్ వ్యాధి రావచ్చు. ప్యాంటు మేజోళ్ళలోకి దోపండి, సాయంత్రం పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక, నడుం దగ్గర చూడండి. పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నెమ్మదిగా నేరుగా పైకి లాగాలి, నూనె పూయడం, కాల్చడం చెయ్యకూడదు. ఎండ కాసే రోజుల్లో ఆడర్ అనే విషపాము బాట మీద పడుకుని ఉండొచ్చు. అడుగు చప్పుడికి దానంతటదే పోతుంది, బాట వదిలి పొదల్లోకి పిల్లల్ని పరుగెత్తనివ్వకపోతే చాలు.

ఫోన్‌లో మ్యాప్ ముందే దించుకోండి. కాగితం మ్యాప్ కొనేవాళ్ళకి, బ్రిటన్ మ్యాపులు వేసే సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వారి నంబర్లు: ఎక్స్‌మూర్‌కి ఓఎల్ 9, డార్ట్‌మూర్‌కి ఓఎల్ 28, మామ్ టోర్ వైపుకి ఓఎల్ 1, లాంగ్ మిండ్‌కి 217. ఎవరైనా పడి కాలు విరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. అంబులెన్స్ అడిగితే అది రోడ్డు దాకానే వస్తుంది. మబ్బు కిందికి దిగి శిఖరం కనిపించకపోతే ఆ రోజు ఎక్కొద్దు. డంకరీ కింద హార్నర్ అడవి ఉంది, వాన రోజు అక్కడ నడవొచ్చు.

ఇంకో సంగతి, సమయం. ఆగస్టు మధ్యలో పొద్దుగూకేసరికి ఎనిమిదిన్నర. పొద్దున్నే అందర్నీ లేపి, ఇడ్లీలు పెట్టి, పదకొండింటికి కార్ పార్క్ చేరి చోటు లేక తిరిగేకన్నా, మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని ఓ కునుకు తీసి నాలుగింటికి బయల్దేరండి. అప్పటికి సగం కార్లు వెళ్ళిపోయి ఉంటాయి, వెలుగు పక్క నుంచి పడి హీదర్ రంగు ముదురుతుంది. ఇది హోటల్లో ఉంటే కుదరదు, వంటిల్లున్న కాటేజీ తీసుకోవాలి. ఆగస్టులో చాలా కాటేజీలు శనివారం నుంచి శనివారం దాకా వారానికే ఇస్తారు. కింద పడకగది, కింద బాత్రూం ఉన్నాయా అని అడగండి. పాత ఇళ్ళల్లో మెట్లు నిచ్చెనల్లా ఉంటాయి, కొండ ఎక్కిన మోకాళ్ళు వాటి దగ్గర మొరాయిస్తాయి.

ఎవరికి ఏది

పెద్దవాళ్ళు కిలోమీటరు ఎక్కుడు ఎక్కగలిగితే డంకరీ. ఎక్కలేకపోతే, లేదా తాతయ్యకి యంత్రాలంటే, రాయి అంటే ఇష్టమైతే హేటోర్. పిల్లలు చిన్నవాళ్ళై పెద్దవాళ్ళు అసలు నడవనంటే లాంగ్ మిండ్ లోయ, కారు లేకపోయినా అదే. వాన భయమున్నా, మీరుండేది ఉత్తరాన మాంచెస్టర్, లీడ్స్ వైపైనా మామ్ టోర్. రెండు కొండలు చూసే ఓపిక ఉంటే డంకరీ, హేటోర్‌లని ఒకే వారంలో కలపాలనిపిస్తుంది, మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి. సన్నటి రోడ్ల మీద ఒక పూట కారులోనే గడుస్తుంది. కలపకండి, ఒకచోటే వారం ఉండండి.

ఈ ఏడు నాన్న హేటోర్ పట్టాలు ఇంకోసారి చూడాలని ఉందన్నారు, పిల్లలు విన్‌బెర్రీల కోసం లాంగ్ మిండ్ అన్నారు. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మని అడిగాను. మోకాలికి తైలం రాసుకుంటూ, "తేనెటీగలు మోగుతాయే, ఆ కొండ" అంది. డంకరీకి దగ్గర్లోని డన్‌స్టర్ ఊరి పక్కన, కింద పడకగది ఉన్న కాటేజీ ఒకటి ఆగస్టు మూడో వారానికి బుక్ చేశాం.